లాస్ వేగాస్‌కు తొలిసారి కుటుంబసమేతంగా: ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి, ఏ కాన్యన్ చూడాలి?

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి ఊరినుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు, వారికి పడమటి రాష్ట్రాలు చూపించాలనుకునే తెలుగు కుటుంబాల ప్రయాణంలో లాస్ వేగాస్ దాదాపు తప్పకుండా ఉంటుంది. జూదం మీద మోజు ఉండి కాదు. గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లేవారు విమానం దిగడానికి అనువైన పెద్ద ఊరు అది కావడం, వారం మధ్యలో అక్కడి హోటల్ గదులు చాలా పెద్ద నగరాలకంటే చౌకగా దొరకడం, డాలస్ నుంచి, బే ఏరియా నుంచి, ఫీనిక్స్ నుంచి వచ్చే రెండు మూడు కుటుంబాలు కలుసుకోవడానికి అందరికీ వీలుగా ఉండడం అసలు కారణాలు. అయితే జంటగానో స్నేహితులతోనో వెళ్లివచ్చినవారు ఇచ్చే సలహాలు, అరవై దాటిన నలుగురు పెద్దలు, ఐదారేళ్ల పిల్లలు, మధ్యలో ఒక పదహారేళ్ల కుర్రవాడు ఉన్న పదిమంది బృందానికి పెద్దగా పనికిరావు. అటువంటి బృందాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన పోలిక ఇది.

ముందుగా అక్కడి హోటళ్ల కట్టడం తీరు తెలుసుకోవాలి. నెవాడా రాష్ట్రంలో జూదానికి 1931లో చట్టబద్ధత వచ్చింది. పర్యాటకులు లాస్ వేగాస్‌గా భావించే ప్రాంతం నిజానికి నాలుగు మైళ్లకు కాస్త పైబడిన ఒక రహదారి. దానినే స్ట్రిప్ అంటారు. అది చాలావరకు లాస్ వేగాస్ నగర పరిధిలో లేదు, క్లార్క్ కౌంటీలోని ప్యారడైజ్ అనే ప్రాంతంలో ఉంది. ఆ రహదారికి ఇరువైపులా ఉన్న పెద్ద హోటళ్లలో అధికభాగం ఒకే పద్ధతిలో కట్టారు: గదినుంచి లిఫ్టు దిగితే క్యాసినో, క్యాసినో దాటితే భోజనశాల, మళ్లీ క్యాసినో అంచున నడిస్తేనే వీధి. 21 ఏళ్లు నిండనివారు ఆ హాలు గుండా నడిచి వెళ్లవచ్చు గాని, అక్కడ ఆగకూడదు. కూర్చోవడానికి జూదపు యంత్రాల ముందున్న కుర్చీలు తప్ప వేరే బల్లలు అరుదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ అలసి అటువంటి కుర్చీలో కూలబడితే, పక్కన చేయి పట్టుకొని నిలబడిన మనవరాలిని ముందుకు నడవమని సెక్యూరిటీవారు మర్యాదగానే చెబుతారు. అమ్మమ్మ లేవక తప్పదు. దీనికి తోడు సిగరెట్ పొగ. పార్క్ ఎంజీఎం వంటి ఒకటి రెండు చోట్ల మినహా క్యాసినో హాళ్లలో పొగతాగడానికి ఇప్పటికీ అనుమతి ఉంది.

అందుచేత మొదటిసారి కుటుంబంతో వెళ్లేవారు బసను ఎంచుకునేటప్పుడు హోటల్ ఎంత అందంగా ఉందన్నది రెండో ప్రశ్నగా పెట్టుకోవాలి. రోజుకు ఎన్నిసార్లు, ఎంత దూరం క్యాసినో గుండా నడవాల్సి వస్తుందన్నది మొదటి ప్రశ్న.

బస: నాలుగు రకాలు, ఒక మొగ్గు

స్ట్రిప్ నడిబొడ్డున ఉన్న బెలాజియో, సీజర్స్ ప్యాలెస్, ప్యారిస్, వెనీషియన్ వంటి హోటళ్లు మొదటి రకం. చూడదగినవి చాలావరకు వీటి చుట్టూనే ఉంటాయి కనుక మధ్యాహ్నం గదికి వచ్చి గంటసేపు నడుం వాల్చి మళ్లీ వెళ్లడానికి వీలుంటుంది. వెనీషియన్‌లో అన్నీ సూట్లే, మామూలు హోటల్ గదికంటే బాగా విశాలంగా ఉంటాయి. అయితే అక్కడి చాలా సూట్లలో కూర్చునే భాగం పడకల భాగంకంటే రెండు మెట్లు కిందికి ఉంటుంది. రాత్రి చీకట్లో లేచే పెద్దవారికి ఆ మెట్లు ప్రమాదం. పొగ, చప్పుడు, లిఫ్టులకోసం నడక వీటన్నింటికీ సమానమే.

రెండో రకం, స్ట్రిప్ మీదో దాని వెనుక వీధిలోనో ఉన్నా లోపల క్యాసినో లేనివి. బెలాజియోకు ఆనుకొని ఉన్న విడారా, ఎంజీఎం గ్రాండ్ వెనుక మూడు టవర్లుగా ఉన్న సిగ్నేచర్, హార్మన్ అవెన్యూ మీద హిల్టన్ వారి ఎలారా, మారియట్ వారి గ్రాండ్ షాటో ఈ కోవకు చెందుతాయి. ఎలారా, గ్రాండ్ షాటోలలో ఒకటికంటే ఎక్కువ పడకగదులున్న సూట్లు, వాటిలో వంటగది దొరుకుతాయి. ఎలారాకు మిరకిల్ మైల్ దుకాణ సముదాయంలోకి లోపలినుంచే దారి ఉండడంవల్ల ఎండలోకి రాకుండానే స్ట్రిప్ చేరవచ్చు. విడారానుంచి బెలాజియో పూలతోట నాలుగడుగుల దూరం. సిగ్నేచర్‌నుంచి మాత్రం స్ట్రిప్ చేరాలంటే ఎంజీఎం గ్రాండ్ అంతటినీ ఈ చివరినుంచి ఆ చివరికి దాటాలి, అది చిన్న నడక కాదు.

మూడో రకం, స్ట్రిప్ దక్షిణపు కొసనున్న లక్సర్, ఎక్స్‌కాలిబర్, మాండలే బే. మొదటి రెండూ చౌక. పిరమిడ్ ఆకారపు లక్సర్‌లో గోడ వాలును పట్టుకొని ఏటవాలుగా ఎక్కే లిఫ్టులను పిల్లలు మరచిపోరు. మాండలే బేలో అలల కొలను, ఇసుక తిన్నె, షార్క్ రీఫ్ ఆక్వేరియం ఉన్నాయి గనుక వేసవిలో పిల్లలే ప్రధానమైన బృందానికి అది మంచి ఎంపిక. ఈ మూడింటి మధ్య ఉచిత ట్రామ్ నడుస్తుంది. అయితే బెలాజియో ఫౌంటెన్లు చూసి రాత్రి పదింటికి తిరిగి రావాలంటే ఇక్కడినుంచి ప్రతిసారీ బండి ఎక్కాల్సిందే.

నాలుగో రకం, పాత ఊరు, అంటే ఫ్రీమాంట్ వీధి వైపు బస. దీన్ని కుటుంబాలకు నేను సూచించను. ధర తక్కువే, తలమీద పొడవునా పరిచిన దీపాల పందిరి ఒక సాయంత్రం చూడదగినదే. కాని రాత్రి పొద్దుపోయేదాకా ఆ పందిరి కింద సంగీత కచేరీలు హోరెత్తుతూ ఉంటాయి, స్ట్రిప్ నడిబొడ్డు దాదాపు ఐదు మైళ్ల దూరంలో ఉంటుంది, కొన్ని హోటళ్లలోకి 21 ఏళ్ల లోపువారిని అసలు రానివ్వరు. పదిమందికీ కలిపి ఇల్లు అద్దెకు తీసుకుందామన్న ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. వంట, పెరడు, ఈతకొలను ఉన్న ఇల్లు ఆకర్షణీయమే. అయితే క్లార్క్ కౌంటీలో ఇటువంటి అద్దెలకు లైసెన్సు నిబంధనలు కఠినంగా ఉన్నాయి. లైసెన్సు సంఖ్య చూపించని ప్రకటన జోలికి వెళ్లకపోవడం మంచిది.

నా మొగ్గు స్పష్టంగా రెండో రకంవైపే. రెండు మూడు పడకగదుల సూటు ఒకటి, దాని పక్కనే మరో గది తీసుకుంటే పొద్దున్నే అందరూ ఒకచోట కూర్చొని కాఫీ తాగవచ్చు. ఇది చిన్న విషయం కాదు. వేగాస్ క్యాసినో హోటళ్లలో చాలాచోట్ల గదిలో కాఫీ కాచుకునే సదుపాయం ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చునే పెద్దవారికోసం కాఫీ తేవాలంటే కొడుకో అల్లుడో క్యాసినో దాటి వెళ్లి వరుసలో నిలబడి తేవాలి. వంటగది ఉన్న సూటు ధర ఎక్కువగా కనిపించినా, రెండు మూడు గదుల అద్దె, వాటి మీద రిసార్ట్ రుసుము, పూటపూటా బయటి భోజనం కలిపి చూస్తే తేడా అంతగా ఉండదు.

రిసార్ట్ రుసుము సంగతి వివరంగా చెప్పాలి. గది అద్దె కాకుండా రోజుకు, గదికి దాదాపు 40 నుంచి 55 డాలర్ల దాకా ఈ పేరుతో వసూలు చేస్తారు. దాని మీద 13 శాతం పైచిలుకు పన్ను. మూడు గదులు, మూడు రాత్రులు అంటే ఒక్క ఈ పద్దుకిందే 400 డాలర్లు దాటుతుంది. 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం తప్పనిసరి రుసుములను కలిపిన ధరనే ముందుగా చూపించాలి కనుక ఇప్పుడు పోల్చుకోవడం తేలికైంది. పన్ను, పార్కింగ్ మాత్రం మీరే కలుపుకోవాలి. స్ట్రిప్ మీది పెద్ద హోటళ్లలో ఎక్కువ భాగం సొంతంగా కారు నిలుపుకున్నా రుసుము తీసుకుంటాయి.

గదిలోని చిన్న ఫ్రిజ్ గురించి పెద్దవారికి ముందే చెప్పి ఉంచాలి. అది చాలా హోటళ్లలో అమ్మకానికి పెట్టిన సీసాల అర. ఒక్కో సీసా కింద సెన్సర్ ఉంటుంది; ఇంటినుంచి తెచ్చిన పెరుగు డబ్బా పెట్టడానికి అత్తగారు రెండు సీసాలు తీసి పక్కన పెడితే, వాటిని కొన్నట్టుగా బిల్లులో చేరిపోతుంది. దిగగానే రిసెప్షన్‌లో అడిగితే మందులకోసం వేరే ఫ్రిజ్ ఇచ్చే హోటళ్లున్నాయి. ఇన్సులిన్ వాడేవారు గది తీసుకునేటప్పుడే ఈ మాట రాయించుకోవాలి. వంటగది లేని గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టే ప్రయత్నం చేయకూడదు. నిబంధన ఒప్పుకోదు, పొగ అలారం అసలే ఊరుకోదు.

ఎప్పుడు వెళ్లాలి?

వాతావరణం మాత్రమే చూస్తే మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు నెలలు ఉత్తమం. జూలైలో పగటి ఉష్ణోగ్రత సగటున 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. 2024 జూలై 7న 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 డిగ్రీలు నమోదై పాత రికార్డు చెరిగిపోయింది. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవారం, మాకిది లెక్కా అనుకునే పెద్దలుంటారు. అక్కడి ఎండ తీరు వేరు. గాలిలో తేమ లేనందువల్ల చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. రక్తపోటు మందులు వాడేవారికి ఇది ముఖ్యమైన విషయం.

పిల్లల సెలవులను బట్టి వేసవిలోనే వెళ్లాల్సి వస్తే, పగలు లోపల ఉండి, ఉదయం తొమ్మిదిలోపు, సూర్యాస్తమయం తరువాత మాత్రమే బయట తిరిగేలా దినచర్య మార్చుకోవాలి. శీతాకాలంలో నడకకు హాయిగా ఉంటుంది, కాని సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది, ఈతకొలనులు చాలావరకు మూసి ఉంటాయి.

వారంలో ఏ రోజులన్నది నెలకంటే ఎక్కువగా ఖర్చును నిర్ణయిస్తుంది. ఆదివారం దిగి బుధ, గురువారాల్లో బయలుదేరేవారికి, శుక్ర, శనివారాల్లో ఉండేవారికి అదే గది ధరలో రెండు మూడు రెట్ల తేడా కనిపించడం మామూలే. జనవరి తొలివారాల్లో జరిగే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, థాంక్స్‌గివింగ్‌కు ముందు వారాంతంలో 2023 నుంచి జరుగుతున్న ఫార్ములా వన్ పందెం రోజులను తప్పించాలి. కారు పందెం స్ట్రిప్ మీదనే సాగుతుంది. ఆ రోజుల్లో ధరల మాట అటుంచి వీధి దాటడమే గగనం. థాంక్స్‌గివింగ్ సెలవులు మాత్రం అంత ఖరీదు కావు.

కారు తీసుకోవాలా, వద్దా?

విమానాశ్రయం స్ట్రిప్‌కు కూతవేటు దూరంలో ఉంది. 2021లో పేరు మారి హ్యారీ రీడ్ విమానాశ్రయమైంది. అద్దెకార్ల కేంద్రం అక్కడే ఉండదు; ఉచిత షటిల్ బస్సు ఎక్కి కొన్ని మైళ్లు వెళ్లాలి. సామానుతో, పిల్లలతో దిగిన పదిమందిని ఆ బస్సు ఎక్కించి, కారు తీసుకొని, హోటల్‌కు చేరి, అక్కడ రోజువారీ పార్కింగ్ రుసుము కట్టి, రెండు రోజులపాటు ఆ కారును కదపకుండా ఉంచడం వృథా. ఊళ్లో తిరిగే రోజులకు ట్యాక్సీలో, ఉబెర్‌లో వెళ్లి, బయటికి వెళ్లే రోజు పొద్దున ఇద్దరు మగవాళ్లు వెళ్లి బండి తెచ్చుకోవడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. ఆరేళ్ల లోపు పిల్లలుంటే వారికోసం కారు సీట్లు ఇంటినుంచే తెచ్చుకోవాలి.

స్ట్రిప్ వెంబడి డ్యూస్ అనే రెండంతస్తుల బస్సు రాత్రింబవళ్లు నడుస్తుంది. మోనోరైలు ఎంజీఎం గ్రాండ్ నుంచి సహారా దాకా నాలుగు మైళ్లు పోతుంది గాని, దాని స్టేషన్లన్నీ హోటళ్ల వెనుక ఉన్నాయి. స్టేషన్‌కు చేరడానికే క్యాసినో పొడవునా నడవాలి కనుక పెద్దవారికి అది పేరుకే సౌకర్యం. బెలాజియో, ఆరియా, పార్క్ ఎంజీఎంలను కలిపే ఉచిత ట్రామ్ మాత్రం నిజంగా ఉపయోగపడుతుంది.

పటంలో పక్కపక్కనే కనిపించే రెండు హోటళ్ల మధ్య నడక పావుగంట పట్టవచ్చు. పెద్ద కూడళ్లలో నేలమీద దాటే వీలు లేదు. పాదచారుల వంతెన ఎక్కి దిగాలి. వంతెనలకు లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉంటాయి. 2024 ఆరంభంలో కౌంటీ చేసిన నిబంధనవల్ల ఆ వంతెనల మీద నిలబడిపోవడం నేరం. వెనుక ఐఫిల్ టవర్ నమూనా కనిపించేలా పదిమందీ వరుసగా నిలబడి ఫొటో దిగాలనుకుంటే కిందికి దిగాకే దిగాలి. కాలిబాటల మీద ఈకలు, పూసలు తప్ప పెద్దగా ఏమీ ధరించని యువతులు ఫొటోకు రమ్మని పిలుస్తారు. ఫొటో అయ్యాక డబ్బు అడుగుతారు. మామగారు కోడలు ముందు ఇబ్బంది పడకుండా ఉండాలంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండడం మేలు.

స్ట్రిప్ మీద ఒక రోజు

ఉచితంగా చూసేవాటిలోనే మంచివి ఉన్నాయి. బెలాజియో ముందున్న చెరువులో ఫౌంటెన్లు రాత్రిపూట పావుగంటకోసారి సంగీతానికి తగినట్టు లేస్తాయి. లోపల ఋతువును బట్టి మార్చే పూలతోట, లాబీ పైకప్పుకు అమర్చిన గాజుపూలు పెద్దలను బాగా ఆకట్టుకుంటాయి. వెనీషియన్‌లో పైకప్పుకు ఆకాశం గీసిన కాలువ ఒడ్డున కూర్చోవడానికి చోటుంది. ఫ్లమింగో హోటల్ పెరట్లో నిజమైన ఫ్లమింగో పక్షులున్నాయి.

డబ్బు పెట్టి చూసేవాటిలో హై రోలర్ అనే 550 అడుగుల చక్రం పెద్దలున్న బృందానికి నా మొదటి ఎంపిక. కుర్చీలు కట్టిన రంగులరాట్నంలా ఉండదు. గదిలాంటి గాజు పెట్టెలో అరగంటసేపు అతినెమ్మదిగా తిరుగుతుంది, పదిమందీ ఒకే పెట్టెలో పడతారు. 2023లో తెరిచిన స్ఫియర్ అనే గోళాకారపు ప్రదర్శనశాల కొత్తది, ఖరీదైనది. దాని లోపలి తెర అపూర్వమే, కాని పై అంతస్తు సీట్ల వరుసలు నిట్టనిలువుగా ఉంటాయి, కళ్లు తిరిగే స్వభావం ఉన్నవారు కింది వరుసలకే టికెట్ కొనాలి. బయటి దీపాల గోళాన్ని చూడడానికి టికెట్ అక్కరలేదు. సర్క్ ద్యు సొలేల్ అనే సర్కస్ సంస్థవారి ప్రదర్శనలు పిల్లలకూ పెద్దలకూ ఒకేలా నచ్చుతాయి, భాష అడ్డురాదు. టికెట్ కొనేముందు పిల్లల కనీస వయసు చూసుకోవాలి, బెలాజియోలోని నీటి ప్రదర్శనకు ఐదేళ్ల లోపువారిని రానివ్వరు. ఆరేడేళ్ల పిల్లలకు సర్కస్ సర్కస్ హోటల్‌లోని పైకప్పున్న వినోదశాల ఒక పూటకు చాలు. అక్కడ బస అవసరం లేదు.

భోజనం విషయంలో ఒక్క హెచ్చరిక. పేరుమోసిన బఫేలు మాంసం, చేపలు, పీతలు తినేవారికోసం ధర కట్టినవి. శాకాహారులైన పెద్దలను ఆ ధర పెట్టి తీసుకెళితే వారు తినేది కాస్త అన్నం, పండ్లు, మిఠాయి మాత్రమే. అదే డబ్బుతో స్ట్రిప్ వదిలి కాస్త దూరం వెళితే భారతీయ హోటళ్లలో అందరికీ తృప్తిగా భోజనం అవుతుంది.

గ్రాండ్ కాన్యన్: వెస్ట్ రిమ్మా, సౌత్ రిమ్మా, రెండూ కాదా?

ఈ యాత్రలో అసలైన నిర్ణయం ఇదే. ఇక్కడ తొందరపడి చేసే ఎంపికే పెద్దలను మంచాన పడేస్తుంది.

వెస్ట్ రిమ్, అంటే లోయ పడమటి అంచు, వేగాస్‌కు దాదాపు 130 మైళ్లు, రెండున్నర గంటల దూరం. ఇది జాతీయోద్యానంలో భాగం కాదు; హువాలపాయ్ అనే స్థానిక తెగవారి భూమి, వారే నడుపుతారు. 2007లో తెరిచిన గాజు వంతెన, స్కైవాక్, ఇక్కడే ఉంది. మీ దగ్గర జాతీయోద్యానాల పాస్ ఉన్నా ఇక్కడ చెల్లదు. టికెట్ మనిషికింత చొప్పున ఉంటుంది, స్కైవాక్‌కు అదనం. పదిమందికి మొత్తం బాగానే అవుతుంది. లోపల ఒక చోటినుంచి మరో చోటికి షటిల్ బస్సు తిప్పుతుంది కనుక నడక తక్కువ. పొద్దున ఏడింటికి బయలుదేరితే చీకటిపడేలోపు హోటల్‌కు చేరవచ్చు.

సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు, దాదాపు 280 మైళ్లు, ఆగకుండా వెళ్లినా నాలుగున్నర గంటలు. క్యాలెండర్ల మీద, పుస్తకాల అట్టల మీద అందరూ చూసిన గ్రాండ్ కాన్యన్ ఇదే. లోతు, వెడల్పు, పొరపొరల రంగులు ఇక్కడ కనిపించినంతగా వెస్ట్ రిమ్‌లో కనిపించవు. ఈ మాటలో మొహమాటం అక్కరలేదు. అంచు వెంబడి చదునైన కాలిబాట, కూర్చోవడానికి బల్లలు, ఉచిత బస్సులు ఉన్నాయి. ప్రవేశ రుసుము వాహనానికి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది.

ఇటీవల ఇందులో ఒక మార్పు వచ్చింది. 2026 జనవరి 1 నుంచి గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ కాన్యన్ సహా 11 జాతీయోద్యానాల్లో, అమెరికా నివాసులు కాని 16 ఏళ్లు నిండిన ప్రతి సందర్శకుడూ 100 డాలర్లు అదనంగా కట్టాలి. లేదా 250 డాలర్ల వార్షిక పాస్ తీసుకోవాలి. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు, అత్తమామలు నలుగురున్న బృందానికి పాస్ లేకపోతే ఒక్క సౌత్ రిమ్‌కే 400 డాలర్ల అదనపు భారం. ఇద్దరే అయినా, జయాన్ కూడా చూసే ఆలోచన ఉంటే పాస్ లాభం. నివాసుల గుర్తింపు కార్డులు గేటు దగ్గర చూపించాల్సి ఉంటుంది కనుక డ్రైవింగ్ లైసెన్సులు ఇంట్లో మరచి రాకూడదు.

ఈ రెండింటిలో ఎంపికకు నేను పెట్టుకునే కొలత ఒకటే: బృందంలో అందరికంటే పెద్దవారు కారులో ఎన్ని గంటలు కూర్చోగలరు? ఒకేరోజు సౌత్ రిమ్ వెళ్లిరావడమంటే తొమ్మిది గంటలకు పైగా కారులోనే. ఏడు సీట్ల బండిలో చివరి వరుసలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని ఎవరో ఒకరు కూర్చోవాలి, ఆ ఒకరు మర్యాదకోసం వియ్యపురాలే అవుతానంటారు. అక్కడ చేరేసరికి మధ్యాహ్నపు తెల్లటి ఎండలో లోయ రంగులు వెలిసిపోయి ఉంటాయి, రెండు గంటల్లో మళ్లీ తిరుగుముఖం. అలా చేయవద్దు. సౌత్ రిమ్ చూడాలనుకుంటే వేగాస్‌లో ఒక రాత్రి తగ్గించుకొని, సౌత్ రిమ్ దారిలోని ఊళ్లైన టుసాయాన్‌లోనో విలియమ్స్‌లోనో ఆ రాత్రి ఉండాలి. సాయంత్రపు వెలుగు, మరునాటి ఉదయపు వెలుగు రెండూ చూడాలి. పెద్దలు మళ్లీ అమెరికా వస్తారో రారో అన్న పరిస్థితి ఉంటే ఈ మార్గమే పట్టాలి. ఆ రాత్రి వీలుకాదనుకుంటే వెస్ట్ రిమ్‌కు వెళ్లి తృప్తిపడాలి. సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది. వేగాస్‌లో చొక్కాతో తిరిగిన రోజున అక్కడ మంచు పడుతూ ఉండవచ్చు. ఆయాసం ఉన్నవారు నడకలో తొందరపడకూడదు. శీతాకాలంలో అరిజోనా గడియారం నెవాడాకంటే గంట ముందుంటుందని టికెట్ల సమయం చూసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

రెండింటినీ వదిలేసి దగ్గరివి చూసుకోవడం కూడా గౌరవమైన ఎంపికే. హూవర్ డ్యామ్ ముప్పావుగంట దూరం. 726 అడుగుల ఎత్తున్న ఆ ఆనకట్ట కట్ట మీద ఉచితంగా నడవవచ్చు. నాగార్జునసాగర్ చూసిన పెద్దలకు ఇక్కడ మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది: సాగర్ నదికి అడ్డంగా దాదాపు మైలు పొడవున పరచుకున్న రాతికట్టడం, ఇది ఇరుకైన కొండచీలికలో విల్లులా వంచి బిగించిన కాంక్రీటు గోడ. పొడవులో సాగర్ ముందు ఇది దాదాపు నాలుగోవంతే, ఎత్తులో మాత్రం సాగర్‌కు దాదాపు రెట్టింపు. రాజశేఖరరెడ్డి హయాం ప్రాజెక్టులనుంచి కాళేశ్వరం దాకా చర్చ సాగితే ఇంకో గంట కలుపుకోవాలి. ఊరికి ఈశాన్యంగా గంట దూరంలో ఉన్న వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో ఎర్రటి ఇసుకరాళ్లు కారులోంచే కనిపిస్తాయి. పడమటివైపు అరగంట దూరంలోని రెడ్ రాక్ కాన్యన్‌లో 13 మైళ్ల ఒకవైపు దారి ఉంది. అక్టోబరు నుంచి మే దాకా పగటి వేళల్లో ముందే సమయం నమోదు చేసుకోవాలి. ఆ దారిలోనే సమ్మర్లిన్ ప్రాంతంలో హిందూ దేవాలయం ఉంది. ఉదయం దర్శనం, తరువాత ఎర్రకొండలు, మధ్యాహ్నానికి గది. డెబ్బై దాటినవారికి ఇంతకంటే హాయైన రోజు ఈ ఊళ్లో దొరకదు.

జూదం సంగతి

ఊరంతా తిరిగి ఒక్కసారైనా ఆడకుండా వస్తారా అని ఎవరో ఒకరు అంటారు. ఆడదలచినవారు ఎవరి డబ్బు వారు విడిగా పెట్టుకోవాలి, ఉమ్మడి ఖర్చుల సంచి ముట్టకూడదు. ఒక సెంటు యంత్రమని రాసి ఉన్నా ఒక్కో ఆటకు యాభై సెంట్లో అంతకుమించో పోతుంది. రూలెట్ చక్రంలో ఒక సున్నా ఉంటే క్యాసినో లాభం 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26, మూడుంటే 7.69, చక్రం చూడకుండా కూర్చోవద్దు. రమ్మీ అనుభవం ఇక్కడ అక్కరకు రాదు. మూడు ముక్కలాట తెలిసినవారికి త్రీ కార్డ్ పోకర్ కొంత పరిచయంగా అనిపిస్తుంది. సందర్శక వీసా మీద వచ్చినవారికి స్లాట్ యంత్రంలో పెద్ద మొత్తం తగిలితే 30 శాతం పన్ను అక్కడికక్కడే కోసుకొని మిగతాది ఇస్తారు, భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం దీనికి మినహాయింపు ఇవ్వదు. బ్లాక్‌జాక్, రూలెట్ గెలుపులకు ఈ కోత లేదు. 21 ఏళ్లు నిండని కుర్రవాడు సరదాకు మీట నొక్కి గెలిచినా డబ్బు ఇవ్వరు, పైగా అది నేరం. ఆడే పెద్దలు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి.

లాస్ ఏంజెలెస్ వైపునుంచి కారులో వచ్చేవారికి తిరుగు ప్రయాణం గురించి ఒక మాట. ఐ-15 రహదారి మీద మామూలుగా నాలుగైదు గంటల దారి, ఆదివారం మధ్యాహ్నం తరువాత రాష్ట్ర సరిహద్దులోని ప్రిమ్ దగ్గరనుంచే నిలిచిపోయి ఏడెనిమిది గంటలు అవుతుంది. ఆ ఎడారిలో మరుగుదొడ్లకు ఆగదగిన చోట్లు తక్కువ. ఆదివారం ఉదయం ఎనిమిదిలోపు బయలుదేరాలి, లేదా గది చౌకగా దొరికే ఆ రాత్రి కూడా ఉండి సోమవారం పొద్దున కదలాలి. దారిలో బేకర్, బార్‌స్టో రెండుచోట్లా ఆగితే పెద్దలకు కాళ్లు చాపుకునే వీలుంటుంది.